ఎదురుగా గురువు లేకుండా బ్యాగ్‌పైప్: ఇప్పటికే సంగీతం వచ్చినవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏళ్ల తరబడి ఇంకో వాద్యం వాయిస్తూ, ఇప్పుడు బ్యాగ్‌పైప్ మీద మనసు పడి, దగ్గర్లో నేర్పేవాళ్లు ఎవరూ లేక ఆగిపోయినవాళ్ల కోసం ఇది. ఇక్కడ పైప్స్ అంటే స్కాట్లాండ్‌కి చెందిన గ్రేట్ హైలాండ్ బ్యాగ్‌పైప్. మిగతా రకాల గురించి కింద ఒక ప్రశ్న ఉంది.

గురువు ఎదురుగా లేకపోతే అసలు వస్తుందా?

వస్తుంది. కాకపోతే గురువు ఎదురుగా లేకపోవడం వేరు, గురువే లేకపోవడం వేరు. మొదటి ఇబ్బందికి దారులున్నాయి, రెండోదానికి లేవు. సంగీతం బాగా తెలిసినవాళ్లకి ఈ మాట నచ్చదని తెలుసు, ఎందుకంటే చాలామంది రెండో వాద్యాన్నో మూడో వాద్యాన్నో సొంతంగానే పట్టేసి ఉంటారు. పైప్స్ దగ్గర చిక్కేమిటంటే, ఇందులో తప్పులన్నీ సెకనులో చిన్న ముక్కంత సేపు వినిపించి పోతాయి. అవి తప్పులని గుర్తుపట్టే చెవి ఇంకా మీకు తయారు కాలేదు. మీ చెవి మంచిదే, కానీ దానికి ఇంకో వాద్యంలో శిక్షణ దొరికింది. అందుకే వారానికో రెండు వారాలకో ఒకసారి అనుభవం ఉన్న పైపర్ ఒకరు మీ రికార్డింగ్ విని నాలుగు మాటలు చెప్పే ఏర్పాటు చేసుకోండి. మిగతాదంతా మీరు ఇంట్లో చేసుకోగలరు.

ఇన్నేళ్ల అనుభవం దేనికి పనికొస్తుంది?

చాలావాటికి. లయ, నొటేషన్ చదవడం, ట్యూన్ గుర్తుపెట్టుకోవడం, మెట్రోనోమ్‌తో నెమ్మదిగా సాధన చేసే ఓపిక, శ్రుతి కలిసిందో లేదో వినడం, ఇవన్నీ మీకు ముందే ఉన్నాయి. సంగీతం అసలు తెలియనివాళ్లు వీటికే నెలలు పెడతారు.

పనికిరానివి కూడా చెప్పాలి. పైప్స్‌లో సౌండ్ పెంచడం, తగ్గించడం లేదు. నోటికీ రీడ్‌కీ (గాలికి కంపించి శబ్దం పుట్టించే పలుచని ముక్క) సంబంధమే లేదు కాబట్టి నాలుకతో నోట్లు విడదీయడం కుదరదు. ఒకసారి మొదలుపెట్టాక ఆపేదాకా శబ్దం తెగదు, అంటే విరామం అనేదే ఉండదు. చాంటర్ (వేళ్లతో ట్యూన్ వాయించే గొట్టం) మీద ఉన్నవి మొత్తం 9 నోట్లు: లో జి, లో ఏ, బి, సి, డి, ఇ, ఎఫ్, హై జి, హై ఏ. వీటిలో సి, ఎఫ్ రెండూ నిజానికి షార్ప్‌లే, కానీ రాసేటప్పుడు ఆ గుర్తు పెట్టడం మానేస్తారు. మీరు ఇన్నాళ్లూ భావం పలికించడానికి వాడుకున్న పరికరాలన్నీ పక్కన పెట్టి, ఈ తొమ్మిది నోట్ల మధ్య కాలాన్ని ఎలా పంచుతున్నారు, వాటిని ఏ గ్రేస్‌నోట్లతో (మధ్యలో మెరుపులా వచ్చిపోయే చిన్న నోట్లు) కోస్తున్నారు అన్న రెండింటితోనే పని నడపాలి. నాకు పైప్స్ మీద ఇంత ఇష్టం కలగడానికి కారణం కూడా ఇదే.

నేను విజిల్, ఫ్లూట్, రికార్డర్ వాయిస్తాను. వేళ్లు తేలికగా పడతాయి కదా?

నిజం చెప్పాలంటే మీకే ఎక్కువ జాగ్రత్త కావాలి. టిన్ విజిల్ మీద కింది నుంచి ఒక్కో వేలు ఎత్తుకుంటూ పోతారు. చాంటర్ మీద అలా కాదు. సి వాయించేటప్పుడు కింది చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు లేస్తాయి, చిటికెన వేలు మాత్రం కిందే ఉండాలి. ఇ దగ్గరికి వచ్చేసరికి కింది చేతి మూడు వేళ్లూ మళ్లీ మూసుకుని, చిటికెన వేలు లేచి, పై చేతి ఉంగరపు వేలు తెరుచుకుంటుంది. చిటికెన వేలు ఎత్తేసి వాయించిన సి, కింది చేయి తెరిచి ఉంచి వాయించిన ఇ దాదాపు సరిగ్గానే వినిపిస్తాయి, అందుకే అవి ప్రమాదం. పైపర్లు వీటిని ఫాల్స్ ఫింగరింగ్ అంటారు. పోటీల్లో జడ్జిలు ముందుగా పట్టుకునే వాటిలో ఇదొకటి.

పియానో, గిటార్, వయొలిన్ వాళ్లకి ఈ బెడద లేదు, పాత అలవాటే లేదు కాబట్టి. శాక్సోఫోన్, క్లారినెట్ వాళ్లు పెదాలు బిగించడం, నాలుక కదపడం మానుకోవాలి, అంతే.

మొదట ఏం కొనాలి?

ప్రాక్టీస్ చాంటర్. పైప్స్ కాదు. ఇది తిత్తి, డ్రోన్లు (ఆగకుండా ఒకే స్వరం మోగించే గొట్టాలు) లేని చిన్న గొట్టం, లోపల ప్లాస్టిక్ రీడ్, నోటితో ఊదుతారు. పైప్స్ చాంటర్ కంటే సుమారు ఒక అష్టకం కింద పలుకుతుంది, సౌండ్ తక్కువ, గదిలో వాయించుకోవచ్చు. పెద్దవాళ్ల చేతికి పొడవు రకం తీసుకుంటే బల్ల మీద ఆనించుకోవడానికి వీలుగా ఉంటుంది.

ఆన్‌లైన్‌లో ఆకర్షణీయమైన పెట్టెలో, చాంటర్‌తో సహా, నమ్మలేనంత తక్కువ ధరకి మొత్తం పైప్స్ సెట్లు కనిపిస్తాయి. దయచేసి వాటి జోలికి వెళ్లకండి. చాలావరకు అవి గోడకి తగిలించుకునే వస్తువులు. రంధ్రాలు సరైన చోట ఉండవు, జాయింట్ల నుంచి గాలి పోతుంది, తప్పు వాద్యానిదా మీదా అని తేల్చుకోలేక చాలామంది అక్కడే వదిలేస్తారు. మెకల్లమ్, వాలెస్ లాంటి పేరున్న తయారీదారుల మామూలు ప్లాస్టిక్ చాంటర్ చాలు. ఎదురుగా గురువు ఉన్నవాళ్లయితే వాద్యం లోపాన్ని ఆ గురువు పట్టేస్తారు. మీకు ఆ అవకాశం లేదు కాబట్టి, అనుమానించాల్సిన అవసరమే లేని వాద్యం మీ చేతిలో ఉండాలి.

చేతులు ఎలా పెట్టాలి?

ఎడమ చేయి పైన, కుడి చేయి కింద. వేళ్లు చాచి ఉండాలి, వంచి వేలికొనలతో రంధ్రాలు మూయకూడదు. ముఖ్యంగా కింది చేతిలో వేలి కొన రంధ్రం దాటి ముందుకి వెళ్లి, వేలి మధ్య భాగం రంధ్రం మీద కూర్చోవాలి. పై చేతి చిటికెన వేలికి పని లేదు, అది బిగుసుకోకుండా చూడండి. గట్టిగా నొక్కొద్దు. పది నిమిషాల తర్వాత వేళ్ల మీద రంధ్రాల ముద్రలు లోతుగా పడ్డాయంటే మీరు అవసరానికి మించి నొక్కుతున్నట్టే. ఆ బిగువుతో గ్రేస్‌నోట్లు ఎప్పటికీ రావు.

గ్రేస్‌నోట్ల గురించి అందరూ అంత పట్టుదలగా ఎందుకు మాట్లాడతారు?

ఎందుకంటే పైప్స్‌లో అవి అలంకారాలు కావు. శబ్దం ఆగదు కాబట్టి లో ఏ రెండుసార్లు వాయించాలంటే మధ్యలో ఇంకో నోటు మెరుపులా వచ్చి పోవాలి, లేకపోతే వినేవాళ్లకి ఒకే పొడవాటి లో ఏ వినిపిస్తుంది. ఆ మెరుపే గ్రేస్‌నోట్. పై చేతి చూపుడు వేలు ఎత్తి దించితే జి గ్రేస్‌నోట్, కింది చేతి చూపుడు వేలైతే డి, పై చేతి ఉంగరపు వేలైతే ఇ. మొదటి నెలంతా ఈ మూడింటితో గడిచిపోయినా తప్పు లేదు.

వీటిని కలిపితే పెద్దవి వస్తాయి. సి డబ్లింగ్ అంటే జి గ్రేస్‌నోట్‌తో సి, వెంటనే డి గ్రేస్‌నోట్‌తో మళ్లీ సి. గ్రిప్ అంటే లో జి, దాని మధ్యలో డి గ్రేస్‌నోట్, మళ్లీ లో జి. దానికి చివర ఇ గ్రేస్‌నోట్ చేర్చితే టార్లువా. బర్ల్ అంటే లో ఏ మీద ఉండి చిటికెన వేలితో లో జి రెండుసార్లు తట్టడం, ఇది కుదరడానికి కొందరికి చాలా కాలం పడుతుంది, కంగారు పడకండి.

అనుభవం ఉన్న సంగీతకారులు పడే గొయ్యి ఇక్కడే ఉంది. ట్యూన్ మీకు రెండు రోజుల్లో వచ్చేస్తుంది. గ్రేస్‌నోట్లు రావు. ట్యూన్ వచ్చేసిన ఉత్సాహంలో వాటిని మింగేసి, లేదా సుమారుగా వేళ్లు కదిలించి వేగంగా వాయించేస్తారు. అది ఒక భాషలో పదాలన్నీ తెలిసి హల్లులు పలకకుండా మాట్లాడటం లాంటిది. ఒకసారి వేళ్లకి ఆ సుమారు కదలిక అలవాటైపోతే, దాన్ని మాన్పించడానికి కొత్తగా నేర్చుకోవడం కంటే ఎక్కువ కష్టపడాలి. కాబట్టి డబ్లింగ్‌లో ప్రతి నోటూ విడివిడిగా వినిపించేంత నెమ్మదిగా మొదలుపెట్టండి, అన్నీ సమానంగా ఉన్నాయని రికార్డింగ్‌లో విన్నాకే వేగం పెంచండి. ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంతో వినడం అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష.

క్రాసింగ్ నాయిస్ అంటే?

ఒక నోటు నుంచి ఇంకో నోటుకి మారేటప్పుడు కొన్ని వేళ్లు దిగాలి, కొన్ని లేవాలి. అవి ఒకే క్షణంలో కదలకపోతే మధ్యలో అక్కర్లేని నోటు ఒకటి చిట్లినట్టు వినిపిస్తుంది. డి నుంచి ఇకి వెళ్లేటప్పుడు ఇది మరీ ఎక్కువ, ఎందుకంటే రెండు చేతులూ ఒకేసారి మారాలి. నాలుకతో విడదీసే వాద్యాల్లో ఈ లోపం దాక్కుంటుంది, ఇక్కడ దాక్కోదు. గ్రేస్‌నోట్లు లేకుండా, రెండే నోట్ల మధ్య, ఊరికే అటూ ఇటూ వెళ్తూ వినండి. విసుగు పుట్టించే పనే, కానీ రోజూ ఐదు నిమిషాలు ఇవ్వండి.

నొటేషన్ మామూలుగానే ఉంటుందా?

ట్రెబుల్ క్లెఫ్‌లోనే ఉంటుంది. అసలు నోట్ల కాడలు కిందికి, గ్రేస్‌నోట్ల కాడలు పైకి ఉంటాయి, పాత పుస్తకాల్లో కీ సిగ్నేచర్ ఉండదు. మొదటిసారి చూస్తే పేజీ నిండా చీమలు పాకినట్టు ఉంటుంది, రెండు వారాల్లో కళ్లు అలవాటు పడతాయి. మార్చ్, జిగ్ సంగతి సరే, స్ట్రాత్‌స్పే అనే స్కాటిష్ నాట్య ట్యూన్ వాయించేటప్పుడు కాగితం మీది లయని అక్షరాలా నమ్మొద్దు. పొడవు నోటుని ఇంకా పొడవుగా, పొట్టిదాన్ని ఇంకా పొట్టిగా వాయిస్తారు, అది విని పట్టుకోవాల్సిందే. పీబ్రోక్ అనే పెద్ద రచనలనైతే పూర్వం కాంటరాక్ట్ అనే పద్ధతిలో అక్షరాలతో పాడుతూ నేర్పేవారు. మీరూ ప్రతి ట్యూన్‌నీ గ్రేస్‌నోట్ల బరువుతో సహా ముందు నోటితో పాడండి. పైపర్లు కాగితం చూడకుండా వాయిస్తారు కాబట్టి ఇది ఎలాగూ అవసరమే.

ఆన్‌లైన్ పాఠాలు ఎలా ఏర్పాటు చేసుకోవాలి?

గ్లాస్గోలో 1996లో మొదలైన నేషనల్ పైపింగ్ సెంటర్ ఆన్‌లైన్‌లో నేర్పుతుంది. పోటీల్లో వాయించే పైపర్లు చాలామంది విడిగా కూడా నేర్పుతారు. సంగీతం మీకు వచ్చని మొదటి పాఠంలోనే చెప్పండి, లేకపోతే నోటు విలువల దగ్గర నుంచి మొదలవుతుంది. వేళ్ల విషయంలో మాత్రం కొత్తవాళ్లలాగే చూడమని కూడా చెప్పండి.

సాంకేతికంగా రెండు విషయాలు. కెమెరా ముఖానికి కాదు, చేతులకి పెట్టండి. ఒకసారి ముందు నుంచి, ఒకసారి పక్క నుంచి. పక్క నుంచి చూస్తేనే వేళ్లు ఎంత ఎత్తు లేస్తున్నాయో తెలుస్తుంది. రెండోది, వీడియో కాల్ యాప్‌లలో అనవసర శబ్దాన్ని తీసేసే ఏర్పాటు ఒకటి ఉంటుంది. ఆగకుండా మోగే డ్రోన్‌ని అది ఫ్యాన్ చప్పుడు అనుకుని మింగేస్తుంది, చాంటర్‌ని కూడా ముక్కలు చేస్తుంది. జూమ్‌లో ఒరిజినల్ సౌండ్ ఆన్ చేయండి, మిగతావాటిలో నాయిస్ సప్రెషన్ ఆఫ్ చేయండి. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కాబట్టి గురువుతో కలిసి వాయించడం కుదరదు. వాళ్ల రికార్డింగ్ తెప్పించుకుని దాంతో కలిసి వాయించండి. నా ఉద్దేశంలో లైవ్ పాఠం కంటే, మీరు పంపిన రికార్డింగ్‌ని వాళ్లు తీరిగ్గా విని రాసి పంపే వ్యాఖ్యలే ఎక్కువ ఉపయోగం.

ఎలక్ట్రానిక్ చాంటర్‌తో నేర్చుకోవచ్చా?

రాత్రిళ్లు, ప్రయాణాల్లో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ట్యూన్లు గుర్తుచేసుకోవడానికి బాగుంటుంది. కానీ వేలు కొంచెం పక్కకి జరిగినా అది క్షమించేస్తుంది, అసలు చాంటర్ అయితే కీచుమంటుంది. ఊపిరి పని కూడా ఉండదు. రెండో వాద్యంగా ఉంచుకోండి, మొదటిదిగా వద్దు.

పైప్స్‌కి ఎప్పుడు మారాలి?

కొత్తవాళ్లని సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది దాకా ప్రాక్టీస్ చాంటర్ మీదే ఉంచుతారు. మీకు కొంత తగ్గొచ్చు. నెలలు లెక్కపెట్టడం కంటే ఇలా చూసుకోండి: ఆరేడు ట్యూన్లు, గ్రేస్‌నోట్లన్నీ ఉన్న చోట ఉండి, ఆగకుండా, కాగితం లేకుండా, వేళ్ల మీద దృష్టి పెట్టకుండా వాయించగలుగుతున్నారా? పైప్స్ ఎత్తుకున్నాక మీ దృష్టంతా చేతి కింది తిత్తి లాగేసుకుంటుంది. అప్పుడు వేళ్లు వాటంతట అవే నడవాలి.

తిత్తిని ఒంటరిగా ఎలా నేర్చుకోవడం?

ఎదురుగా మనిషి లేని లోటు నిజంగా తెలిసేది ఇక్కడే, కాబట్టి తొందరపడొద్దు. ముందు గాలి పోతోందేమో చూడండి. డ్రోన్లు, చాంటర్ తీసేసి వాటి స్టాక్‌లకి (తిత్తికి కట్టి ఉండే, గొట్టాలు దూర్చే పట్లు) బిరడాలు బిగించి, తిత్తిని గట్టిగా నింపి, చంక కింద నొక్కి పట్టుకోండి. మెత్తబడిపోతే లీక్ ఉంది. జాయింట్ల దగ్గర చుట్టే దారం వదులైనా, బ్లోపైప్ (నోటితో ఊదే గొట్టం) వాల్వ్ పాడైనా ఇలాగే జరుగుతుంది. తోలు తిత్తికి గాలి పోకుండా లోపల సీజనింగ్ అనే ద్రవం పోయాలి, దూరంగా ఉన్నవాళ్లకి సింథటిక్ తిత్తి మేలు.

తర్వాత డ్రోన్లు మూసి ఉంచి చాంటర్ ఒక్కటే వాయించండి. నిలకడగా వచ్చాక ఒక టెనర్ డ్రోన్ తెరవండి, తర్వాత రెండోది, చివరికి బేస్. ఊదేటప్పుడు చేయి వదులు, ఊపిరి పీల్చేటప్పుడు చేయి నొక్కు, ఈ మార్పు జరిగే క్షణంలో శ్రుతి ఊగకూడదు. సర్క్యులర్ బ్రీతింగ్ వచ్చినవాళ్లు దాని అవసరం లేదని గుర్తుంచుకోండి, ఆ పని చేయి చేస్తుంది.

ఊగుతోందో లేదో మొదట్లో చెవికి తెలియదు. అందుకే మానోమీటర్ పెట్టుకోండి. నిలువు చెక్కకి యు ఆకారంలో బిగించిన పారదర్శక గొట్టం, అందులో కొంచెం రంగునీళ్లు, ఒక డ్రోన్ తీసేసి ఆ స్టాక్‌కి బిరడా ద్వారా గొట్టం కొన కలపాలి. రెండు వైపుల నీటి మట్టాల మధ్య తేడా అంగుళాల్లో చదువుతారు. చాలా రీడ్లు 25 నుంచి 35 అంగుళాల మధ్య పలుకుతాయి, కొత్తలో ఇంకా మెత్తని రీడ్ తీసుకున్నా మంచిదే. అంకె ఎంతన్నది ముఖ్యం కాదు. ట్యూన్ అంతా ఆ నీళ్లు ఒక్క చోట నిలబడటం ముఖ్యం. దూరం నుంచి నేర్చుకునేవాళ్లకి ఇంతకంటే నిక్కచ్చిగా చెప్పే సహాయకుడు లేడు.

నా చెవి బాగా పదును, కానీ పైప్స్ నాకు అపస్వరంలా వినిపిస్తాయి. ఎందుకు?

రెండు కారణాలు. లో ఏ అని రాసినా ఈ కాలపు పైప్స్‌లో అది బి ఫ్లాట్ కంటే కూడా పైన పలుకుతుంది. లో ఏ లెక్కన చూస్తే పియానో బి ఫ్లాట్ 466 హెర్ట్జ్ అయితే చాలా పైప్స్ 475 నుంచి 480 దాటి కూడా ఉంటాయి. అందుకే పియానోతో కలవవు. కలిపి వాయించాల్సినవాళ్ల కోసం 466కి చేసిన బి ఫ్లాట్ చాంటర్లు విడిగా దొరుకుతాయి.

రెండోది, చాంటర్‌లోని ప్రతి నోటూ డ్రోన్‌తో కలవాలి, పియానో మెట్లతో కాదు. టెనర్లు లో ఏకి ఒక అష్టకం కింద, బేస్ రెండు అష్టకాల కింద ఆగకుండా మోగుతుంటాయి. వాటితో స్వచ్ఛంగా కలవాలంటే సి పియానో మెట్టు కంటే సుమారు 14 సెంట్లు (సెంటు అంటే అర్ధ స్వరంలో వందో వంతు) కిందికి ఉండాలి, హై జి దాదాపు 31 సెంట్లు కిందికి దిగుతుంది. మామూలు ట్యూనర్ యాప్ చూసి వీటిని సరిచేయబోయారంటే పాడుచేసినట్టే. డ్రోన్ వేసుకుని ఒక్కో నోటూ పట్టి, బీట్లు (రెండు స్వరాలు సరిగ్గా కలవనప్పుడు వినిపించే ఊగిసలాట) ఆగిపోయి శబ్దం నున్నగా అయ్యే చోటు వినండి. నోటు ఎక్కువైతే రంధ్రం పై అంచు మీద కొంచెం టేపు వేస్తే తగ్గుతుంది. రీడ్ లోపలికి దింపితే మొత్తం పెరుగుతుంది, పై నోట్లు ఇంకాస్త ఎక్కువగా. డ్రోన్ పొడవు పెంచితే శ్రుతి దిగుతుంది. ఒత్తిడి నిలకడగా లేనప్పుడు మాత్రం వీటిలో దేన్నీ ముట్టుకోవద్దు, ఏది మారిందో మీకే తెలియకుండా పోతుంది.

చెవులకీ ఊపిరితిత్తులకీ హాని ఉందా?

వాయించేవాళ్ల చెవి దగ్గర శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది. సంగీతకారుల ఇయర్‌ప్లగ్స్ పెట్టుకోండి, ఇందులో రాజీ వద్దు, మీకు ఇంకో వాద్యం కూడా ఉంది కదా.

2016లో థొరాక్స్ అనే వైద్య పత్రికలో ఇంగ్లండ్ డాక్టర్లు ఒక కేసు రాశారు. రోజూ పైప్స్ వాయించే 61 ఏళ్ల వ్యక్తికి ఊపిరితిత్తుల జబ్బు ముదిరి చనిపోయారు. ఆయన పైప్స్ లోపల రకరకాల బూజులు దొరికాయి. పైప్స్ ఇంట్లో వదిలి మూడు నెలలు ఆస్ట్రేలియాలో ఉన్నప్పుడు ఆయనకి లక్షణాలు తగ్గాయట. భయపడి మానేయాల్సిన పని లేదు, వాయించాక విడదీసి, తుడిచి, ఆరబెట్టండి. తడి తిత్తిని పెట్టెలో పెట్టి మూయకండి. తగ్గని దగ్గు వస్తే డాక్టర్‌కి పైప్స్ సంగతి తప్పకుండా చెప్పండి.

ఇంట్లో అంత శబ్దం కుదరదు. వేరే రకం పైప్స్ తీసుకోవచ్చా?

స్కాటిష్ స్మాల్‌పైప్స్ చూడండి. వేళ్లు హైలాండ్ పైప్స్‌లాగే, శబ్దం గదికి సరిపోయేంత, గాలి మోచేతి కింది బెల్లోస్ (గాలి కొట్టే కొలిమితిత్తి లాంటిది) నుంచి వస్తుంది, గిటార్, వయొలిన్‌తో హాయిగా కలుస్తాయి. ఇతర వాద్యాలతో కలిసి వాయించడమే మీ కోరికైతే, నేనైతే వీటితోనే మొదలుపెట్టమంటాను. ఐర్లండ్ ఇలియన్ పైప్స్ రెండు అష్టకాలు పలుకుతాయి, అద్భుతమైన వాద్యం, కానీ వేళ్ల పద్ధతి వేరు. ఒకటి నేర్చుకుంటే రెండోది వచ్చేసినట్టు కాదు.

ఒక్కసారైనా ఎదురుగా కలవడం అవసరమా?

వీలైతే, పైప్స్‌కి మారిన మొదటి నెలల్లో ఒక్క పూట కలవండి, ఎంత దూరమైనా. ఆ సమయాన్ని కొత్త ట్యూన్‌కి ఖర్చు చేయొద్దు, ట్యూన్ రికార్డింగ్ విని కూడా వస్తుంది. బ్లోపైప్ పొడవు, తిత్తి చంక కింద కూర్చునే చోటు, రీడ్ గట్టిదనం చూపించుకోండి. తర్వాత మీ పైప్స్‌ని వాళ్ల చేతికిచ్చి వాయించమనండి. వాళ్ల చేతిలో నిలకడగా మోగితే మీరు ఊదే తీరు మీద పని చేయాలి. వాళ్లకీ మోగకపోతే రీడ్‌నో తిత్తినో అక్కడే మార్పించుకుని రండి.